తొమ్మిదో తరగతికి పోయెమ్ చెప్పబోతే సారాంశం అప్పజెప్తున్నారు

ప్రశ్న:
తొమ్మిదో తరగతికి ఇంగ్లిష్ చెప్తున్నాను. రాబర్ట్ ఫ్రాస్ట్ పోయెమ్ 'ది రోడ్ నాట్ టేకెన్' (అడవిలో దారి రెండుగా చీలిన చోట ఒకటి ఎంచుకున్న బాటసారి చెప్పే మాటలు) ఇంకా మొదలే పెట్టలేదు, "జనం నడవని దారిలో నడవాలి మేడమ్, అంతే" అని ఒకడు తేల్చేశాడు, మిగతా క్లాసంతా తలూపింది. నోట్సు చెప్పకుండా వాళ్లచేతే చదివించడం ఎలాగండి?

జవాబు:
ఆ పిల్లాడి మాటనే పట్టుకోండి మేడమ్. ఏ దారి ఎక్కువ అరిగిందో పోయెమ్‌లో వెతకమనండి. రెండో చరణం చివర రెండూ దాదాపు ఒకేలా అరిగాయని ఉంటుంది, ఆఖరి చరణానికి వచ్చేసరికి మాత్రం జనం తక్కువగా నడిచిన దారే పట్టానని ఎప్పుడో ముందుముందు నిట్టూరుస్తూ చెప్తానంటాడు. మరి ఏది నిజం? నా క్లాసులో దీని మీద పీరియడంతా వాదించుకున్నారు. 1915లో అచ్చయిన పోయెమ్ ఇది, ఇప్పటికీ పెద్దవాళ్లే పొరబడుతుంటారు, పిల్లల్ని ఏమనగలం!

ఇంకో జవాబు:
గ్రామర్ కూడా అక్కడే చెప్పేయొచ్చు. 'ఐ షల్ బి టెల్లింగ్' అన్నాడు కదా, జరిగిపోయినదాని గురించి భవిష్యత్ కాలం ఎందుకు వాడాడో అడగండి. పట్టికలు బట్టీ పట్టించడం కంటే నయం. ముందు మాత్రం మీరే రెండుసార్లు బిగ్గరగా చదవండి, అర్థం చెప్పొద్దు.

ప్రశ్న అడిగినవారు:
ఇవాళ చేసి చూశాను. వెనక బెంచీ అమ్మాయి "అంటే ముందే కథ అల్లుకుంటున్నాడా మేడమ్?" అంది. నాకే ఒళ్లు జలదరించింది. వెంటనే ఇంకొకడు లేచి, "మరి పరీక్షలో ఏం రాయాలి?"