ఏసీ 20 డిగ్రీల కంటే తగ్గకూడదన్న ప్రతిపాదన సబబేనా?

సుధ_కూకట్‌పల్లి:
ఏసీలు 20 నుంచి 28 డిగ్రీల మధ్యే పనిచేసేలా నిబంధన తెస్తామని 2025 జూన్‌లో కేంద్ర విద్యుత్ మంత్రి మనోహర్ లాల్ ఖట్టర్ ప్రకటించారు. కొత్త ఏసీ ఆన్ చేయగానే 24 దగ్గర మొదలవ్వాలన్న రూలు 2020 నుంచే ఉంది, కానీ ఆ తర్వాత 16కి దించుకోవచ్చు. ఒక్క డిగ్రీ పెంచితే కరెంటు సుమారు 6 శాతం ఆదా అని కేంద్ర ఇంధన పొదుపు సంస్థ బీఈఈ లెక్క. నా ఓటు ఈ కట్టడికే. మీరేమంటారు?

రవి_బెజవాడ:
నేను ఒప్పుకోను. బిల్లు కట్టేది నేను, నా పడగ్గదిలో ఎంత పెట్టుకోవాలో ఢిల్లీ చెప్పడమేంటి? పైగా దేశమంతటికీ ఒకే అంకె ఎలా కుదురుతుంది? మా దగ్గర మే నెల ఉక్కపోతలో చెమట ఆరదు. హైదరాబాద్ పొడి ఎండ వేరు, మా కృష్ణ ఒడ్డు వేరు.

ఏసీ_మెకానిక్_బాషా:
రవి గారూ, ఉక్కపోత మాట నిజమే. కానీ 16 పెడితే గది తొందరగా చల్లబడుతుందని చాలామంది అనుకుంటారు, అది జరగదండి. కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది, అంతే. 26 పెట్టి ఫ్యాన్ రెండు మీద వేసి ఒక రాత్రి చూడండి. నేను వెళ్లిన ఇళ్లలో చాలా చోట్ల ఫిల్టర్ దుమ్ము పట్టి ఉంటుంది, కిటికీ సందుల్లోంచి వేడి వస్తుంటుంది. రిమోట్ మాత్రం 16 మీదే.

కిరణ్_ఆర్కిటెక్ట్:
ఈ విషయంలో మన ఊళ్లోనే జరిగిన పరిశోధన ఒకటుంది. మాధవి ఇంద్రగంటి 2008 వేసవిలో హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లను, ఏ వేడిలో మీకు హాయిగా ఉందని అడిగి నమోదు చేశారు. సౌకర్యంగా ఉందన్నది సుమారు 26 నుంచి 32.5 డిగ్రీల మధ్య. మన జాతీయ భవన నిర్మాణ నియమావళిలో అప్పటికి ఉన్న అంకె 23 నుంచి 26. అంటే ఇక్కడి మనుషులకు అక్కర్లేని చల్లదనాన్ని లెక్కలో వేసుకుని ఇళ్లూ ఆఫీసులూ కడుతున్నాం.

చల్లబరచడానికి వేరే దారులూ ఉన్నాయి. హైదరాబాద్ దగ్గరి పోచారంలోని ఇన్ఫోసిస్ క్యాంపస్‌లో ఒక భవనాన్ని రెండు సగాలుగా చేసి, ఒక సగంలో మామూలు సెంట్రల్ ఏసీ, రెండో సగంలో స్లాబులో వేసిన పైపుల గుండా చల్లటి నీళ్లు పారించే పద్ధతి పెట్టారు. మనుషులు, పని ఒకేలాంటివి. రెండో సగాన్ని చల్లబరచడానికి కరెంటు దాదాపు మూడో వంతు తక్కువ పట్టింది. అందుకే నన్నడిగితే 20 కట్టడి పెట్టొచ్చు, కానీ అసలు పని గోడల్లో, కప్పుల్లో ఉంది.

లక్ష్మి_పైఅంతస్తు:
కిరణ్ గారూ, ఆ 32 డిగ్రీలు హాయి అనిపించి చెప్పారా, అలవాటు పడి చెప్పారా? ఫ్యాను తప్ప గతిలేనివాళ్లు "పర్లేదు" అనే అంటారు. మాది అద్దె ఇల్లు, ఆఖరి అంతస్తు. రాత్రి పదింటికి కూడా స్లాబు నుంచి సెగ దిగుతూనే ఉంటుంది, ఫ్యాన్ ఆ సెగనే మంచం మీదికి తోస్తుంది. మా బాబు గచ్చు మీద తడిగుడ్డ పరుచుకుని పడుకుంటాడు.

కిరణ్_ఆర్కిటెక్ట్:
మీ ప్రశ్న చాలా సరైనదమ్మా. అదే సర్వేలో అందరికంటే తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు చలీ ఉక్కా లేకుండా సమంగా అనిపించిన వేడి 30.2 డిగ్రీలుగా తేలింది. దీన్ని చూపించి పేదవాళ్లకు చల్లదనం అక్కర్లేదని ఎవరైనా అంటే నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. మీ ఇంటికి ముందు కావాల్సింది కప్పు మీద ఎండను తిప్పికొట్టే తెల్లటి కూల్ రూఫ్ పూత.

సుధ_కూకట్‌పల్లి:
తెలంగాణ కూల్ రూఫ్ పాలసీ 2023లోనే వచ్చింది కదా?

కిరణ్_ఆర్కిటెక్ట్:
వచ్చింది. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు తప్పనిసరి. ఇళ్లకైతే 600 గజాలు, ఆపైన స్థలం ఉంటేనే. చిన్న ఇళ్లకు ఇష్టముంటే వేసుకోవచ్చు. దుమ్ము పడితే పూత పనితనం తగ్గుతుంది, అప్పుడప్పుడు కడగాలి.

లక్ష్మి_పైఅంతస్తు:
మా ఓనరుది 200 గజాలే. పూతకు డబ్బు పెట్టాల్సింది ఆయన, కరెంటు బిల్లు కట్టేది మేము. ఆయనెందుకు వేయిస్తారు? 20 డిగ్రీల కట్టడి పెట్టండి, నాకేం అభ్యంతరం లేదు. దాంతోపాటు అద్దెకిచ్చే ప్రతి ఇంటి పైకప్పుకూ ఆ పూత తప్పనిసరి చేయమని ఇక్కడున్న వాళ్లంతా అడగండి.