బండిలోంచే అనుమానిత బాంబుని పరిశీలించే ఆపరేటర్‌ని ఎలా కాపాడాలి? ఫైనలియర్ ప్రాజెక్టు సందేహం

ప్రశ్న (మెకానికల్ ఫైనలియర్, వరంగల్):

అందరికీ నమస్కారం. మేం నలుగురం కలిసి ప్రాజెక్టుగా ఒక బండి డిజైన్ చేస్తున్నాం. రోడ్డు పక్కన అనుమానంగా ఏదైనా కనిపిస్తే మనిషి కిందికి దిగకుండా, బండి ముందు బిగించిన హైడ్రాలిక్ చేయితో పైనున్న మట్టి తీసి, కెమెరాలో చూసుకుని, అవసరమైతే పక్కకి జరపాలన్నది ఆలోచన. చేయి డిజైన్ దాదాపు అయిపోయింది. క్యాబిన్ దగ్గర ఆగిపోయాం. అడుగున మందంగా స్టీలు ప్లేటు వేసేస్తే సరిపోతుందని మా టీమ్‌లో ముగ్గురంటున్నారు, నాకు మాత్రం నమ్మకం కుదరడం లేదు. లోపల కూర్చున్న ఆపరేటర్‌కి నిజంగా ఏం దెబ్బలు తగులుతాయి, వాటిని ఎలా తగ్గించాలి, తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

జవాబు (మాజీ సాపర్, ఆర్మీ ఇంజనీర్స్):

తమ్ముడూ, నీ అనుమానం కరెక్టే. కింద పేలుడు జరిగినప్పుడు ప్లేటు చిరగకుండా నిలబడ్డా దాని మీద కాళ్లు పెట్టుకుని కూర్చున్నవాడి మడమలు నుజ్జయిపోతాయి, వెన్నుపూస విరుగుతుంది. బండికి ఒక్క చిల్లు కూడా పడకుండా లోపలివాళ్లు చనిపోవడం జరిగేదే. కాబట్టి డిజైన్ ప్లేటు దగ్గర మొదలుపెట్టకు, మనిషి ఒంటి దగ్గర మొదలుపెట్టు.

అన్నిటికన్నా ముందు దూరం. ఇరాక్, అఫ్గానిస్థాన్‌లలో రోడ్లు క్లియర్ చేయడానికి అమెరికా సైన్యం వాడిన బఫెలో బండి ఫోటోలు చూడు. ఆరు చక్రాల పెద్ద బండి, దానికి సుమారు 30 అడుగుల చేయి, అంటే 9 మీటర్లు, చివర మట్టి గీకే పళ్లు, పక్కనే కెమెరా. ఆపరేటర్ లోపల స్క్రీన్ చూసుకుంటూ పని చేస్తాడు. ఆ పొడుగుకి కారణం ఉంది. ఒక దూరంలో ఎంత పీడనం పడుతుందో, రెండింతల దూరంలో కూడా అంతే పీడనం పడాలంటే పేలుడు పదార్థం ఎనిమిదింతలు ఉండాలి, ఇది పాఠ్యపుస్తకాల్లో ఉండే లెక్కే. మీ చేయి 3 మీటర్లు ఉంటే దాన్ని 6 మీటర్లు చేయడానికి ఎంత కష్టపడ్డా తప్పు లేదు, అక్కడ వచ్చే లాభం మీరు క్యాబిన్‌కి వేసే ఏ ప్లేటూ ఇవ్వదు. అయితే ఈ లెక్క గాలి పీడనానికే. ఎగిరొచ్చే ఇనప ముక్కలు అంత తొందరగా వేగం కోల్పోవు, వాటికి కవచమూ పొరలు పొరలుగా అతికించిన మందపాటి గాజూ కావాల్సిందే.

ఇక అడుగు భాగం. ఆపరేటర్ కళ్లన్నీ ఎదురుగా ఉన్న వస్తువు మీద ఉంటాయి, సరిగ్గా అప్పుడే బండి చక్రం కింద ఇంకొకటి ఉండొచ్చు. అందుకే చేయి ఎంత పొడుగున్నా అడుగున రక్షణ తప్పదు. దక్షిణాఫ్రికావాళ్లు కాస్పిర్ బండితో దీనికి దారి చూపించారు, అడుగుని చదునుగా కాకుండా ఇంగ్లీషు 'వి' ఆకారంలో చేసి, నేల నుంచి బాగా ఎత్తులో పెట్టారు. వాన నీళ్లు పెంకుటింటి కప్పు మీంచి రెండు పక్కలకీ జారిపోయినట్టు, కింద నుంచి వచ్చిన దెబ్బలో చాలా భాగం పక్కలకి జారిపోతుంది. మన ఆదిత్య మైన్ ప్రొటెక్టెడ్ వాహనానికి (మందుపాతర పేలుడు నుంచి లోపలివాళ్లని కాపాడే బండి) కూడా కాస్పిరే మూలం, ఇలాంటి బండ్లు మీకు దగ్గర్లోనే, సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలో ఉన్న మెదక్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో తయారయ్యాయి. చదునైన ప్లేటు మందం పెంచుకుంటూ పోతే బరువు పెరుగుతుంది, చేయి మోయగల బరువు తగ్గుతుంది, వంతెనల మీద పోలేరు. ఆకారం మార్చడానికి అంత బరువు అక్కర్లేదు.

హస్కీ అని ఇంకో బండి ఉంది, అదీ దక్షిణాఫ్రికా డిజైనే, ఒక్కడే కూర్చుంటాడు. దాని ముందు, వెనక చక్రాల భాగాలు పేలుడు తగిలితే ముందే అనుకున్న చోట ఊడిపోయేలా బిగించి ఉంటాయి, మనిషున్న క్యాబిన్ మాత్రం మిగులుతుంది. చక్రాలు, ఇరుసు పోతే పోనీ అని ముందే నిర్ణయించుకుని గీసిన డిజైన్ అది. మీ బండిలో కూడా ఏది పోయినా పర్లేదో, ఏది పోకూడదో మొదటి రోజే రాసుకోండి.

ప్రశ్న అడిగినవారు:

చాలా థ్యాంక్స్ సార్. మడమలు, వెన్నుపూస అన్నారు కదా, సీటు విషయంలో ఏం చేయాలో కొంచెం వివరంగా చెప్తారా? మేం సీటుని ఫ్లోర్‌కే నాలుగు బోల్టులతో బిగించాం.

జవాబు (మాజీ సాపర్):

ఆ నాలుగు బోల్టులు ఇవాళే డ్రాయింగ్‌లోంచి తీసేయ్. కింద పేలుడు తగిలినప్పుడు ముందుగా, రెప్పపాటు కన్నా చాలా తక్కువ సమయంలో, అడుగు ప్లేటు పైకి ఉబుకుతుంది. దానికి అంటుకుని ఏముంటే అదంతా ఆ వేగంతోనే పైకి తంతుంది. ఆ తర్వాత బండి మొత్తం గాల్లోకి లేస్తుంది, తర్వాత నేల మీద పడుతుంది. అంటే వెన్నుకి దెబ్బ ఒక్కసారి కాదు, లేచేటప్పుడొకటి, పడేటప్పుడొకటి. సీటు ఈ రెండిటికీ తట్టుకోవాలి. మొదటి దెబ్బకే సీటు కింది స్ప్రింగో, వంగే రాడ్డో పూర్తిగా అయిపోతే రెండోదానికి ఏమీ మిగలదు, ఈ పాయింటు చాలామంది వదిలేస్తారు.

సీటుని పక్క గోడకో పైకప్పుకో వేలాడదీయండి. కాళ్లు పెట్టుకునే మెట్టు కూడా ఫ్లోర్‌కి తగలకుండా సీటుతోనే వచ్చేలా చేయండి. ఫ్లోర్ రెండు పొరలుగా ఉండాలి, మనిషి కాలు కింద ఉండే పైపొరకీ అడుగు ప్లేటుకీ మధ్య ఖాళీ ఉండాలి, అడుగు ఎంత ఉబుకుతుందని కంప్యూటర్ సిమ్యులేషన్‌లో వస్తుందో దానికన్నా ఎక్కువ ఖాళీ. భుజాల మీంచి, నడుం చుట్టూ వచ్చే నాలుగు లేదా ఐదు పట్టీల బెల్టు పెట్టండి. కారు బెల్టు చాలదు. తలకీ పైకప్పుకీ మధ్య జాగా కూడా చూసుకోండి.

ఇంకోటి, బోల్టులు. అడుగు ప్లేటుకి బయటినుంచి లోపలికి బోల్టు వేస్తే పేలుడప్పుడు ఆ బోల్టు తెగి బుల్లెట్‌లా క్యాబిన్‌లోకి వస్తుంది. వెల్డింగ్ చేయండి, తప్పనిసరైతే పక్క గోడకి మార్చండి. క్యాబిన్ లోపలి గోడలకి అరామిడ్ (కెవ్లార్ లాంటి గట్టి నారబట్ట) పొర వేస్తే లోపలివైపు నుంచి ఊడే చిన్న ముక్కలు ఆగుతాయి.

వ్యాఖ్య (శ్రీకాకుళం నుంచి ఒక సోదరి):

మా తమ్ముడు సీఆర్పీఎఫ్‌లో ఉన్నాడు, ఎక్కడున్నాడో ఇక్కడ రాయను. బండిలో వేడికి ఉండలేక పైమూత తీసుకుని కూర్చుంటామని, బెల్టు ఎవరూ పెట్టుకోరని సెలవులకి వచ్చినప్పుడు చెప్పాడు. విన్నప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. వాడికి ఏం చెప్పమంటారు?

జవాబు (మాజీ సాపర్):

అమ్మా, మీ తమ్ముడికి రెండు మాటలు గట్టిగా చెప్పండి. బండి కదులుతున్నంతసేపూ బెల్టు ఉండాలి, మూత మూసి ఉండాలి. బెల్టు లేకపోతే బండి లేచినప్పుడు మనిషి పోయి పైకప్పుకి తల కొట్టుకుంటాడు, పక్కవాడి మీద పడి వాడి మెడ కూడా విరగ్గొడతాడు. మూత తెరిచి ఉంటే పీడనం లోపలికి వచ్చేస్తుంది. సుమారు 35 కిలోపాస్కల్ దగ్గరే చెవి కర్ణభేరి చిల్లు పడొచ్చు, చుట్టూ గోడలున్న డబ్బాలో ఆ పీడనం అటూ ఇటూ కొట్టుకుని ఇంకా ఎక్కువవుతుంది. అలాగే లోపల వదులుగా ఏదీ పెట్టుకోవద్దని చెప్పండి, నీళ్ల క్యాను, జాకీ, ఫైర్ సిలిండర్, మందుగుండు పెట్టె, అన్నీ పట్టీలతో కట్టేయాలి.

వరంగల్ తమ్ముడూ, నువ్వు కూడా ఇది చదువు. బండిలో ఏసీ పెట్టారా లేదా? మే నెలలో ఛత్తీస్‌గఢ్ సుక్మాలో స్టీలు డబ్బాలో కూర్చున్నవాడు ఏసీ లేకపోతే మూత తీస్తాడు, హెల్మెట్ తీస్తాడు, బెల్టు వదులు చేస్తాడు. అప్పుడు నువ్వు లెక్కలు కట్టి వేసిన కవచమంతా వృథా. ఏసీని కవచంలో భాగంగా లెక్కేయండి, దాని కరెంటు, బరువు మొదటి నుంచీ బడ్జెట్‌లో ఉండాలి. నిలబడి పని చేస్తున్నప్పుడు ఇంజన్ ఆపినా అది నడవాలి.

వ్యాఖ్య (బాంబ్ స్క్వాడ్ హెడ్ కానిస్టేబుల్, కోస్తా):

నమస్తే అన్నా. మేం ఎక్కువగా రైల్వే స్టేషన్లు, సభల దగ్గర పని చేస్తాం కాబట్టి మాకు బండి చేయి కన్నా చిన్న రోబోనే ఉపయోగం. ఈ ఆలోచన పాతదే, 1972లో ఉత్తర ఐర్లండ్‌లో బ్రిటిష్ సైన్యంలో పీటర్ మిల్లర్ అనే అధికారి తోటపని బండి చట్రాన్ని తీసుకుని మొదటి వీల్‌బారో రోబో చేయించాడు. మన డీఆర్‌డీఓ దక్ష్ కూడా ఆ కోవలోదే, పుణె ల్యాబులో తయారైంది, మెట్లు కూడా ఎక్కుతుంది. తమ్ముడి ప్రాజెక్టుకి ఒక సలహా, బండిలో జామర్ (రేడియో సిగ్నళ్లని అడ్డుకునే పరికరం) ఆన్ చేస్తే మీ రోబో రేడియో కూడా ఆగిపోతుంది, అందుకని రోబోకి ఫైబర్ కేబుల్ దారి ఒకటి ఉంచుకోండి.

బాంబ్ సూట్ గురించి కూడా కొందరు అడుగుతుంటారు. 35, 40 కిలోల దాకా బరువు, చేతి వేళ్లతో సున్నితంగా పని చేయాలి కాబట్టి అరచేతులకి కవచం ఉండదు. దాన్ని వేసుకుని ఎండలో కాసేపు నడిస్తే చాలు, కళ్ల ముందు అద్దం మీద ఆవిరి, ఒళ్లంతా చెమట. మనిషి సూట్‌తో వెళ్లడం ఆఖరి మార్గంగానే ఉండాలి. మీ చేయి ఎన్ని పనులు చేయగలిగితే మావాళ్లు అన్నిసార్లు దిగకుండా ఉంటారు, అందుకే మీరు ఈ ప్రాజెక్టు చేస్తున్నందుకు నాకు చాలా సంతోషంగా ఉంది.

జవాబు (మాజీ సాపర్):

హెడ్ గారు చెప్పినదానికి ఒక ముక్క కలుపుతాను. ఊళ్లో ఒక సంచీ దగ్గరికి రోబోని పంపడం వేరు, కిలోమీటర్ల రోడ్డు చూసుకుంటూ పోవడం వేరు. రోబో నడకకి, బ్యాటరీకి అంత దూరం కుదరదు, అక్కడే చేయి ఉన్న బండి పనికొస్తుంది. కానీ బండి మీద గుడ్డి నమ్మకం వద్దు. 2018 మార్చి 13న సుక్మా జిల్లా కిష్టారం దగ్గర మైన్ ప్రొటెక్టెడ్ వాహనంలో ఉన్న 9 మంది సీఆర్పీఎఫ్ జవాన్లు చనిపోయారు. ఎంత మంచి బండికైనా ఒక హద్దు ఉంటుంది. మీ రిపోర్టులో ఆ హద్దు ఎంతో స్పష్టంగా రాయండి. సైనిక బండ్ల రక్షణని కొలిచే నాటో స్టానాగ్ 4569 ప్రమాణంలో రెండో స్థాయి అంటే 6 కిలోల పేలుడు పదార్థం, మూడోది 8, నాలుగోది 10, ఒక్కోదానికి చక్రం కింద ఒక పరీక్ష, బండి మధ్యలో ఒక పరీక్ష. మీరు ఏ స్థాయికి డిజైన్ చేశారో చెప్పకుండా 'పేలుడుని తట్టుకుంటుంది' అని రాస్తే వైవాలో నిలబెట్టి అడుగుతారు, అడగాలి కూడా.

ప్రశ్న అడిగినవారు:

సార్, చివరిగా రెండు. చేయి బిగించే చోటు ఎలా ఉండాలి? మేం హైడ్రాలిక్ పంపు, వాల్వులు క్యాబిన్‌లో ఆపరేటర్ పక్కనే పెట్టాం, లివర్లు చేతికి అందుతాయని. ఇంకోటి, దీన్ని ఎలా పరీక్షించాలి, కాలేజీలో ఏ సౌకర్యమూ లేదు.

జవాబు (మాజీ సాపర్):

పంపు, వాల్వులు, గొట్టాలు అన్నీ క్యాబిన్ బయటికి. అధిక పీడనంలో ఉన్న నూనె గొట్టం తెగితే పొగమంచులా చిమ్ముతుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. లోపలికి కరెంటు వైర్లు మాత్రమే రావాలి, అవి కూడా సీలు చేసిన రంధ్రం గుండా. చేయి చివర పేలుడు జరిగితే చేయి వెనక్కి విరుచుకుపడుతుంది, ఆ దెబ్బ క్యాబిన్ ముందు గోడకి రాకుండా చట్రానికి పోవాలి, మొదటి కీలు దగ్గర ముందుగా తెగే పిన్ను పెట్టండి. చేయి విరిగి అద్దం మీద పడే దారి ఉందేమో గీసి చూసుకోండి. కెమెరాలు రెండు ఉండాలి, ఒకటి చేయి చివర, ఒకటి క్యాబిన్ పైన, ఎందుకంటే మొదటి దెబ్బకి పోయేది చివరి కెమెరానే, అది పోతే ఏం జరిగిందో చూడ్డానికి ఆపరేటర్ తలుపు తీస్తాడు.

పరీక్ష విషయం. నిజమైన పేలుడు ఆలోచనే వద్దు, అది చట్టవిరుద్ధం, ప్రాణాంతకం. మన దేశంలో ఆ పని చండీగఢ్‌లోని డీఆర్‌డీఓ ల్యాబు టీబీఆర్ఎల్ లాంటి చోట్ల చేస్తారు. మీరు అడుగు భాగాన్ని సిమ్యులేషన్‌లో చేయండి, సీటుని మాత్రం నిజంగా పరీక్షించొచ్చు. ఒక ఇనప చట్రం కట్టి, సీటులో ఇసక బస్తాలు కట్టి, మీటరు ఎత్తు నుంచి వదలండి, కింద తగిలేసరికి సెకనుకి సుమారు 4.4 మీటర్ల వేగం ఉంటుంది. బస్తా కింద యాక్సిలరోమీటర్ (కుదుపుని కొలిచే సెన్సర్) పెట్టి, ఫ్లోర్‌కి బిగించిన సీటుకీ వేలాడే సీటుకీ గ్రాఫులు పక్కపక్కన గీయండి. వెన్నుకి గాయమయ్యే ప్రమాదాన్ని చెప్పే డీఆర్ఐ అనే కొలత ఉంది, దాని హద్దు 17.7, మోకాలి కింద ఎముక మీద బలానికి 5.4 కిలోన్యూటన్లు. ఇసక బస్తాతో అసలు విలువ రాదు కానీ ఏ సీటు మెరుగో తెలుస్తుంది. ఎత్తు పెంచే ముందు చుట్టూ తాడు కట్టి అందరినీ దూరంగా నిలబెట్టండి.

అడ్మిన్:

మంచి చర్చ. అందరికీ ఒక్క విన్నపం, రక్షణ గురించి ఎంతైనా రాయండి, బలగాలు ఎక్కడ తిరుగుతున్నాయో, పేలుడు పరికరాలు ఎలా ఉంటాయో రాసే వ్యాఖ్యలు తీసేస్తాం. శ్రీకాకుళం సోదరి గారు తమ్ముడి చోటు రాయకుండా అడిగారు, అలాగే అడగండి.

ప్రశ్న అడిగినవారు:

సార్, సీటుని పక్క గోడకి మార్చి డ్రాయింగ్ మళ్లీ గీశాం, పంపు వెనక్కి పోయింది. ఏసీకి కరెంటు లెక్క రేపు పెడతాం. డ్రాప్ టెస్ట్ గ్రాఫులు వచ్చాక ఇక్కడే పోస్ట్ చేస్తాను, చూసి చెప్పండి.