నాన్న స్వెట్టర్‌కి ఏ ఊలు తీసుకోమంటారు?

నాన్నకి చేత్తో స్వెట్టర్ అల్లాలనుకుంటున్నాను. ముందు భాగమంతా జడల డిజైన్. ప్యాటర్న్ డీకే ఊలుకి (డబుల్ నిట్టింగ్, అంటే మరీ సన్నం, మరీ లావు కాని దారం) రాసింది: 4 మి.మీ. సూదులు, 10 సెం.మీ.కి 22 కుట్లు. ఆయనకి మామూలు ఊలు మెడకి తగిలితే చాలు, దురద మొదలవుతుంది. అందుకే ఊలు దగ్గరే ఆగిపోయాను.

కాటన్ మెత్తగానే ఉంటుంది కానీ ఒకసారి సాగితే వెనక్కి రాదు, పైగా బరువు. జడలు ఉబ్బెత్తుగా కనబడాలంటే దారంలో కాస్త స్ప్రింగ్ ఉండాలి కదా! అందుకని నా మనసు మెరినో (మెరినో గొర్రెల సన్నటి, మెత్తటి ఊలు) మీదే ఉంది. సూపర్‌వాష్ (ఉతికితే కుంచించుకుపోకుండా ముందే శుద్ధి చేసినది) అయితే మెషీన్‌లో వేయొచ్చు, అమ్మకి శ్రమ తప్పుతుంది. కాకపోతే తడిస్తే బాగా సాగుతుంది. ముందు చిన్న ముక్క అల్లి, ఉతికి, ఆరాకే కుట్లు కొలుస్తాను.

అలవాటున్నవాళ్లు చెప్పండి: మోచేతుల దగ్గర ఉండలు కట్టకూడదంటే, గట్టిగా పురిపెట్టిన నాలుగు పోగుల మెరినో సరిపోతుందా, కొంచెం నైలాన్ కలిసినది మేలా? ఆయనకి ముదురు నీలం ఇష్టం. ఆ రంగులో జడలు తెలియకుండా పోతాయేమోనని టెన్షన్‌గా ఉంది. లేత బూడిద రంగుకి ఒప్పించమంటారా?