పాలిన్యాలో ఫ్రాజిల్ మంచును శాటిలైట్ డేటాలో ఎలా వేరు చేయాలి?

అందరికీ నమస్కారం. తూర్పు అంటార్కిటికాలో కేప్ డార్న్‌లీ దగ్గర చలికాలంలో సముద్రపు మంచు ఎంత తయారవుతుందో అంచనా వేస్తున్నాను, ఒకచోట ఆగిపోయాను. ఈ పని చేసినవాళ్లుంటే సాయం చేయండి.

అక్కడ పాలిన్యా ఉంది, అంటే సముద్రపు మంచు మధ్య నీళ్లు తెరుచుకుని ఉండే చోటు. గాలి మంచును ఎప్పటికప్పుడు తోసేస్తుంది కాబట్టి నీళ్లు బయటపడి మళ్లీ గడ్డకడుతూనే ఉంటాయి. నేను ఏఎంఎస్ఆర్2 (శాటిలైట్ మీది మైక్రోవేవ్ సెన్సర్) డేటాలో 36, 89 గిగాహెర్ట్జ్ పోలరైజేషన్ నిష్పత్తుల (నిలువు, అడ్డ దిశల సిగ్నళ్ల మధ్య తేడా) నుంచి పల్చని మంచు మందం తీసి, ఈఆర్ఏ5 అనే వాతావరణ డేటాలోని గాలి, ఉష్ణోగ్రతలతో సముద్రం ఎంత వేడి కోల్పోతోందో లెక్కిస్తున్నాను. చదరపు మీటరుకు 300 వాట్లు పోతే రోజుకు దాదాపు 8 సెంటీమీటర్ల మంచు, అక్కడివరకు బాగానే ఉంది.

అసలు చిక్కు ఫ్రాజిల్ మంచుతో. నీళ్లలో సూదుల్లా తేలే ఆ మంచు ఉన్నచోట మధ్యమధ్యలో నీళ్లు కనిపిస్తూనే ఉంటాయి, వేడి చాలా ఎక్కువగా పోతుంది, కానీ మందం లెక్కలో అదీ గట్టి పల్చని మంచూ ఒకేలా వస్తున్నాయి, దాంతో ఉత్పత్తి తక్కువగా తేలుతోందని నా అనుమానం. ఈ రెండింటినీ పిక్సెల్ స్థాయిలో విడదీయడానికి మీరు ఏ హద్దులు వాడారు? సెంటినెల్-1 రాడార్ చిత్రాలతో సరిచూస్తే సరిపోతుందా?

ఇంకోటి, తీరానికి అతుక్కున్న మంచు కూడా పల్చని మంచులా కనిపిస్తోంది, దాన్ని లెక్కలోంచి తీసేసే మాస్క్ ప్రతి నెలా మార్చాలా?

అంటార్కిటికా అడుగు జలాలకు మూలమైన బరువైన ఉప్పునీరు పుట్టే చోట్లలో ఇదొకటి, అందుకే అంకెను ఉజ్జాయింపుగా వదిలేయాలని లేదు. కోడ్ కావాలంటే పెడతాను.