బెంగళూరు లాల్‌బాగ్ తోటలోని బండ మీది కెంపేగౌడ గోపురానికి పెద్దవారిని తీసుకెళ్లవచ్చా?

ప్రశ్న (జయనగర్ నుంచి):
మా నాన్నగారు వచ్చే వారం హిందూపురం నుంచి మా ఇంటికి వస్తున్నారు. హైస్కూలులో చరిత్ర చెప్పి పదవీ విరమణ చేసిన ఆయన, కెంపేగౌడ కాపలా గోపురాన్ని దగ్గరగా చూడాలని ఎన్నాళ్లుగానో అడుగుతున్నారు. వయసు డెబ్బై రెండు, మోకాళ్ల నొప్పులున్నాయి. బండ ఎక్కగలరా? అది నిజంగా కాపలా కోసమే కట్టినదా? దయచేసి తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం (బసవనగుడి నుంచి):
నిదానంగా అయితే తప్పక ఎక్కగలరండీ. బండ ఏటవాలుగా ఉంటుందే తప్ప నిట్టనిలువుగా ఉండదు. మా అమ్మగారు నేరుగా కాకుండా అటూ ఇటూ వంకరగా నడుస్తూ, మధ్యలో రెండుసార్లు కూర్చుని పైకి చేరుకున్నారు. తోట ఉదయం ఆరింటికే తెరుస్తారు. ఎండ ముదిరితే బండ మీద నీడ దొరకదు. వాన పడిన రోజు మాత్రం వద్దు. మెట్రో స్టేషన్ పశ్చిమ ద్వారం వైపు ఉంది, అక్కడి నుంచి తోటలో చాలా దూరం నడవాలి కనుక ఆటోలో డబుల్ రోడ్ వైపు ద్వారానికి వెళ్లడం మేలు.

సమాధానం (మల్లేశ్వరం నుంచి):
1537లో నగరానికి పునాది వేసిన కెంపేగౌడే ఇలాంటి కాపలా గోపురాలను కట్టించాడని కొందరు, ఆయన వంశంలోని రెండవ కెంపేగౌడ కట్టించాడని మరికొందరు చెబుతారు. లాల్‌బాగ్, హలసూరు, కెంపాంబుధి చెరువు, మేఖ్రి సర్కిల్ దగ్గర ఒక్కొక్కటి చొప్పున మొత్తం నాలుగున్నాయి. వీటిని ఊరి ఎల్లలని కూడా అంటారు. ఎల్లను కాయడానికీ ఎత్తైన చోటే కావాలి కాబట్టి, నా దృష్టిలో ఆ రెండు మాటలకూ వైరుధ్యం లేదు. నాలుగు రాతి స్తంభాలు, పైన చిన్న గోపురం, అంతే కట్టడం; దానికి ఎత్తునిచ్చింది బండే.

నాన్నగారికి ఆ బండను కూడా తప్పక చూపించండి. దాని వయసు దాదాపు 300 కోట్ల సంవత్సరాలు. జాతీయ భూగర్భ స్మారకంగా ప్రకటించిన ఈ రాతిమీద వంగి చూస్తే, సరిగా కలవని రెండు పిండుల్లా తెల్లటి, నల్లటి చారలు మెలికలు తిరిగి కనిపిస్తాయి. ఒకప్పుడు భూమి లోతుల్లో విపరీతమైన వేడికీ ఒత్తిడికీ లోనైన గుర్తులవి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. ఆదివారం రద్దీగా ఉంటుంది కనుక బుధవారం ఉదయం ఆరింటికే బయలుదేరుతాము. ఆయన దారిలో కూర్చోవడానికి ఒక మడత కుర్చీని కూడా తీసుకెళ్తాను.