పాత 430 తీసేసి టచ్‌స్క్రీన్ జీపీఎస్ పెట్టిస్తే అదే ట్రేలో పడుతుందా?

అడిగినవారు:
నాది నాలుగు సీట్ల సింగిల్ ఇంజన్ విమానం. ప్యానెల్‌లో గార్మిన్ జీఎన్ఎస్ 430 (జీపీఎస్, రేడియో కలిసిన పరికరం) ఉంది, పేరు చివర డబ్ల్యూ లేని మొదటి రకం. ఇన్నేళ్లలో ఒక్కసారీ ఇబ్బంది పెట్టలేదు. ఇప్పుడు తెర మసకబారింది, ఎండ పడితే ఫ్రీక్వెన్సీ కనిపించడం లేదు. దాని స్థానంలో గార్మిన్‌దే టచ్‌స్క్రీన్ జీటీఎన్ 650 ఎక్స్‌ఐ పెట్టించాలని ఉంది. రెండూ ఒకే సైజు కాబట్టి పాతది లాగేసి కొత్తది తోసేస్తే సరిపోతుందని ఒకరు చెప్పారు. నిజమేనా? గాల్లో కుదుపులు వచ్చినప్పుడు టచ్‌స్క్రీన్ వాడగలనా అని కూడా టెన్షన్‌గా ఉంది.

ఏవియానిక్స్ టెక్నీషియన్:
ముందు సైజు సంగతి చెప్తానండి. ముందు నుంచి చూస్తే రెండిటి కొలతా ఒకటే. వెడల్పు 6.25 అంగుళాలు, ఎత్తు 2.65. ఆ మాట విని చాలామంది పని తేలిక అనుకుంటారు. కానీ వెనక ట్రే (యూనిట్ కూర్చునే చట్రం) వేరు, కనెక్టర్లు వేరు. పాత ట్రే విప్పాలి, ఒక్కో వైరూ ఎక్కడికి పోతోందో చూసి కొత్త కనెక్టర్‌లోకి మార్చాలి. ఈ పనికి ఖర్చంతా పట్టేది అక్కడే.

ఉన్న ట్రేలోనే కూర్చోవాలంటే అవిడైన్ ఐఎఫ్‌డీ 440 ఉంది. దాన్ని 430 డబ్ల్యూ జాగాలో పెట్టడానికే తయారు చేశారు. టచ్‌తోపాటు నాబ్‌లూ ఉంటాయి. అయితే మీది డబ్ల్యూ రకం కాదు కాబట్టి ఏది తీసుకున్నా పైన ఉన్న యాంటెన్నా, అక్కడి నుంచి కిందికి వచ్చే కోక్స్ కేబుల్ రెండూ మార్చాల్సిందే. వాస్, ఎగ్నోస్, గగన్ లాంటి ఉపగ్రహ సవరణ సంకేతాలు అందుకోవడానికి పాత యాంటెన్నా పనికిరాదు. ఆ సంకేతం లేకపోతే ఎల్‌పీవీ అప్రోచ్ (జీపీఎస్‌తోనే పక్కకూ, కిందికీ దారి చూసుకుంటూ రన్‌వేకు దిగడం) లేదు. అనుకూలమైన రన్‌వేల దగ్గర ఎల్‌పీవీ 200 అడుగుల ఎత్తు వరకూ దించుతుంది. మీరు పెట్టే డబ్బుకు అసలు ఫలితం అదే, మెరిసే తెర కాదు.

మూడు విషయాలు చెప్పండి. కరెంటు 14 వోల్టులా, 28 వోల్టులా? సీడీఐలో (దారి నుంచి ఎంత పక్కకు పోయామో సూదితో చూపే మీటర్) అడ్డ సూది కూడా ఉందా, నిలువు సూది ఒక్కటేనా? ఆటోపైలట్ ఏ రకం?

అడిగినవారు:
14 వోల్టులు. సూదులు రెండూ ఉన్నాయి. ఆటోపైలట్ పాత అనలాగ్ రకం. హెడింగ్ బగ్‌నూ (నేను పెట్టిన దిక్కు గుర్తు), సీడీఐ సూదినీ అనుసరిస్తుంది, అంతే.

ఏవియానిక్స్ టెక్నీషియన్:
సూదులు రెండూ ఉండడం మంచిదయింది. అడ్డ సూది లేకపోతే ఎల్‌పీవీలో నిలువు మార్గం చూపించే దారే ఉండదు, సీడీఐ కూడా కొనాల్సి వచ్చేది. 14 వోల్టులు కాబట్టి రేడియో 10 వాట్లదే తీసుకోండి, 16 వాట్లదానికి 28 వోల్టులు కావాలి. ఇక ఆటోపైలట్. కొత్త జీపీఎస్ మలుపు రాకముందే ఎంత వాలాలో లెక్కగట్టి చెప్తుంది. మీ ఆటోపైలట్‌కు ఆ భాష అర్థం కాదు, సూది పక్కకు జరిగాకే తిరుగుతుంది. మధ్యలో రోల్ స్టీరింగ్ కన్వర్టర్ పెడితే ఆ ఆదేశాన్ని హెడింగ్ సంకేతంగా మార్చి ఇస్తుంది. కన్వర్టర్ ఇప్పుడే పెట్టించకపోయినా పర్వాలేదు, దానికి కావలసిన వైర్లు మాత్రం ఇప్పుడే లాగించండి. ప్యానెల్ మళ్లీ విప్పే బాధ తప్పుతుంది.

ఇదే మార్పు చేయించిన మరో సభ్యుడు:
నాకు జరిగింది చెప్తాను, మీకు జరగకూడదు. బిగించిన మరుసటి వారం టవర్‌తో 121.175లో మాట్లాడుతుంటే జీపీఎస్ పోయింది. మైక్ వదిలితే వచ్చేసింది. వేరే ఫ్రీక్వెన్సీలో మాట్లాడితే ఏమీ కాలేదు. నెల రోజులు తిరిగాను. బిగించినవాళ్లు యూనిట్‌లో లోపం లేదని అంటూనే ఉన్నారు, నిజంగానే లోపం దానిలో లేదు.

ఏవియానిక్స్ టెక్నీషియన్:
ఈఎల్‌టీ (విమానం కూలితే ఆచూకీ సంకేతం పంపే పరికరం) యాంటెన్నాయేనా?

ఇదే మార్పు చేయించిన మరో సభ్యుడు:
అదేనండి. దాని కేబుల్ ఊడదీసి చూస్తే సమస్య మాయమైంది. ఫిల్టర్ పెట్టాక మళ్లీ రాలేదు.

ఏవియానిక్స్ టెక్నీషియన్:
కారణం చెప్తాను, అందరికీ పనికొస్తుంది. జీపీఎస్ సంకేతం 1575.42 మెగాహెర్ట్జ్. 121.2ని 13తో గుణించండి, 131.3ని 12తో గుణించండి. రెండుసార్లూ 1575.6 వస్తుంది. అంటే ఆ ఫ్రీక్వెన్సీల దగ్గర మాట్లాడినప్పుడు రేడియో నుంచి వచ్చే హార్మోనిక్ (అసలు ఫ్రీక్వెన్సీకి ఇన్ని రెట్లు ఉండే అదనపు సంకేతం) నేరుగా జీపీఎస్ మీద పడుతుంది. పక్కనున్న ఈఎల్‌టీ యాంటెన్నా దాన్ని మళ్లీ వెదజల్లుతుంది. అందుకే బిగించాక 121.150, 121.175, 121.200, 131.250, 131.275, 131.300 ఒక్కోదానిలో అర నిమిషం దాకా మైక్ నొక్కి ఉంచి, జీపీఎస్ నిలబడుతోందో లేదో చూడాలి. విమానంలో ఎన్ని రేడియోలుంటే అన్నిటితోనూ చూడాలి. మీ ఎదుటే చేయమనండి.

అడిగినవారు:
ఇది నాకు ఎవరూ చెప్పలేదు, చాలా థాంక్స్ అండి. మరి టచ్ సంగతి?

ఇదే మార్పు చేయించిన మరో సభ్యుడు:
నేనూ అదే భయపడ్డాను. తెర చుట్టూ ఉన్న అంచు మీద మిగతా వేళ్లు ఆనించి ఒక వేలితో తాకండి. చెయ్యి తెరతోపాటే ఊగుతుంది కాబట్టి గురి తప్పదు. ఫ్రీక్వెన్సీ ఎలాగూ నాబ్‌తో తిప్పుకోవచ్చు. నన్ను తికమక పెట్టింది వేరే. 430లో సీడీఐ బటన్ చూడకుండానే వేలికి అందేది, జీటీఎన్‌లో అది తెర మీద ఉంటుంది. ఐఎల్ఎస్‌కు (రన్‌వే దగ్గరి రేడియో సంకేతాలతో దిగే పద్ధతి) దిగేటప్పుడు సూది జీపీఎస్ మీద ఉందా, వీలాక్ (నేల మీది రేడియో సంకేతం) మీద ఉందా అని పైకి చదవడం అలవాటు చేసుకున్నాను. కంప్యూటర్‌లో నడిచే ట్రైనర్ ఉంది, బిగించేలోపే దానిమీద హోల్డింగ్ (గాల్లో ఒకచోటే చుట్లు కొడుతూ ఆగడం), మిస్డ్ అప్రోచ్ (దిగడం మానేసి మళ్లీ పైకి లేవడం) బాగా చేయండి. విమానంలో కూర్చుని నేర్చుకోవాలంటే గ్రౌండ్ పవర్ తగిలించండి, లేకపోతే బ్యాటరీ దిగిపోతుంది.

ఏవియానిక్స్ టెక్నీషియన్:
కాగితాలు మర్చిపోకండి. మీ మోడల్ ఎస్‌టీసీ (విమానంలో ఈ మార్పుకు ఇచ్చిన అధికారిక ఆమోదం) జాబితాలో ఉందో లేదో ముందే చూసుకోండి. పని అయ్యాక ఫ్లైట్ మాన్యువల్ సప్లిమెంట్, కొత్త బరువు లెక్క చేతికి రావాలి. డేటాబేస్ చందా కూడా కొత్త యూనిట్‌కు వేరుగా కట్టాలి. నావిగేషన్ సమాచారం 28 రోజులకొకసారి మారుతుంది.

అడిగినవారు:
వార్షిక తనిఖీ దగ్గర్లోనే ఉంది. సీట్లు, పై కప్పు ఎలాగూ విప్పుతారు కాబట్టి యాంటెన్నా కేబుల్ అప్పుడే లాగిస్తాను. కొటేషన్‌లో కేబుల్, కన్వర్టర్ వైర్లు, ఆ ఆరు ఫ్రీక్వెన్సీల పరీక్ష రాయమని రేపే అడుగుతాను. ట్రైనర్ ఈ రాత్రే డౌన్‌లోడ్ చేసుకుంటున్నాను.