సింగపూర్ హెచ్‌డీబీ ఫ్లాట్లలో జాతి కోటా: లెక్క ఎలా వేస్తారు? అసలిది సబబేనా?

వేపచెట్టు:
సింగపూర్‌లో హెచ్‌డీబీ (ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ) కట్టిన ఫ్లాట్‌ను రీసేల్‌లో, అంటే పాత ఓనర్ దగ్గర కొనాలని చూసే తెలుగు పీఆర్ (శాశ్వత నివాస అనుమతి ఉన్న) కుటుంబాలకు తరచూ ఎదురయ్యే మాట, "ఈ బ్లాకులో ఇండియన్ కోటా నిండిపోయింది". బేరం కుదిరినా, డబ్బు సిద్ధంగా ఉన్నా కొనడానికి లేదు. ఈ లెక్క ఎలా వేస్తారు, ముందే ఎలా తెలుసుకోవాలి? ఇంకో సంగతి, ఎవరి పక్కన ఎవరుండాలో ప్రభుత్వం తేల్చడం ఎంతవరకు న్యాయం? తెలిసినవాళ్లు చెప్పండి.

గడపలెక్క:
మొదటి ప్రశ్నకు జవాబు. ఈ జాతి కోటా పేరు ఎథ్నిక్ ఇంటిగ్రేషన్ పాలసీ, 1989 మార్చి నుంచి ఉంది. చుట్టుపక్కల బ్లాకులన్నీ కలిపిన నైబర్‌హుడ్‌కు ఒక పరిమితి, ఒక్కో బ్లాకుకు ఇంకో పరిమితి. చైనీస్ వాళ్లకు నైబర్‌హుడ్‌లో 84, బ్లాకులో 87 శాతం. మలే వాళ్లకు 22, 25. "ఇండియన్, ఇతరులు" అనే వర్గానికి 2010 మార్చి నుంచి 12, 15. తెలుగు, తమిళ, పంజాబీ వాళ్లే కాదు, ఫిలిప్పీన్స్ వాళ్లు, యురేషియన్లు కూడా ఈ చివరి గంపలోనే.

బ్లాకులో 100 గడపలున్నాయనుకోండి. అందులో 15 ఈ గంపవే అయితే పదహారో గడపకు చోటు లేదు, చైనీస్ ఓనర్ మీకు అమ్మలేడు. కానీ ఆ 15 మందిలో ఒకరు మీకు అమ్మొచ్చు, ఎందుకంటే లెక్క మారదు. కోటా నిండిన చోట ఇండియన్ ఓనర్ల ఫ్లాట్లే వెతకమనేది అందుకే.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఓనర్లంతా పీఆర్‌లే అయిన కుటుంబానికి రెండో జల్లెడ ఉంది: పీఆర్ కోటా, నైబర్‌హుడ్‌లో 5 శాతం, బ్లాకులో 8. మలేషియా పీఆర్‌లకు ఇది లేదు. అమ్మేది మనవాళ్లే కదా అనుకుంటారు, కానీ ఆ అమ్మేవారు సింగపూర్ పౌరులైతే, పీఆర్ కోటా నిండి ఉంటే బేరం ఆగినట్టే. పీఆర్ వచ్చి మూడేళ్లు కాకపోతే రీసేల్ మాటే లేదు.

కోటా వివరాలు హెచ్‌డీబీ వెబ్‌సైట్‌లో బ్లాకు నంబరు, వీధి పేరు కొట్టి చూసుకోవచ్చు. ప్రతి నెలా ఒకటో తేదీన అంకెలు మారతాయి. ఆప్షన్ (ఓనర్ ఫీజు తీసుకుని ఇచ్చే కొనుగోలు హక్కు పత్రం) తీసుకోబోయే ముందు ఒకసారి, రీసేల్ అప్లికేషన్ పెట్టే ముందు మళ్లీ చూడండి. ఆప్షన్ గడువు 21 రోజులు, కాబట్టి 25వ తేదీన తీసుకుంటే మధ్యలో ఒకటో తేదీ వచ్చి తీరుతుంది. 1000 డాలర్ల దాకా ఉండే ఆప్షన్ ఫీజు అప్పటికే కట్టేసి ఉంటారు.

నిప్పుకణిక:
న్యాయం సంగతి నేను మాట్లాడతాను. ఉద్దేశాన్ని తప్పు పట్టను. 1964 జాతి కలహాలు చూసిన ఊరు అది. 1980లలో రీసేల్ పెరిగేకొద్దీ ఎవరి వాళ్లు ఒకచోట చేరడం మొదలైంది. ఆ సంగతి లేవనెత్తి కోటా తెచ్చిన మంత్రి ధనబాలన్ కూడా తమిళ మూలాలున్న మనిషే. నా తగువు ఖర్చు ఎవరి మీద పడుతోందన్న దాని మీద.

చైనీస్ కోటా నిండిన బ్లాకులో ఇండియన్ ఓనర్ ఇల్లు అమ్మాలనుకుంటే చైనీస్ వాళ్లకు అమ్మకూడదు. కొనేవాళ్లలో దాదాపు నాలుగింట మూడొంతులు వాళ్లే. మిగిలిన కొద్దిమందిలో వెతుక్కోవాలి, నెలలు ఆగాలి, ధర దించాలి. అదే అంతస్తులోని చైనీస్ పొరుగువాడు చైనీస్ వాళ్లకు కూడా అమ్ముకుంటాడు. పైగా ప్రైవేటు కాండోలకు (ఖరీదైన అపార్ట్‌మెంట్లకు) ఈ కోటాయే లేదు. కలిసి బతకడం అంత ముఖ్యమైతే డబ్బున్నవాళ్లకు మినహాయింపు దేనికి?

పడమటిల్లు:
నిప్పుకణిక గారూ, కాండో మాట ఒప్పుకుంటాను. కానీ అక్కడ దాదాపు 80 శాతం జనం ఉండేది హెచ్‌డీబీ ఇళ్లలోనే. కోటా తీసేస్తే ఏమవుతుంది? ఎక్కడ దుకాణం, గుడి, మసీదు దగ్గరుంటే అక్కడికే ఎవరికి వాళ్లు చేరతారు. అందులో ఎవరి తప్పూ ఉండదు, కానీ పదేళ్లలో స్కూలు కూడా ఒకే రంగుకు వస్తుంది. అమ్ముడుపోక ఇరుక్కున్న ఓనర్ల ఫ్లాట్లను కొన్ని సందర్భాల్లో హెచ్‌డీబీయే కొనేలా 2022లో ఏర్పాటు చేశారు. నష్టం ఉందని వాళ్లూ ఒప్పుకున్నట్టే కదా. నా ఉద్దేశంలో ధరలో తేడాను కూడా భర్తీ చేయాలి, కోటాను ఎత్తేయక్కర్లేదు.

ఇంకొకటి. భార్యాభర్తలవి వేరు జాతులైతే ఎవరి జాతి కింద కొనాలో వాళ్లే ఎంచుకోవచ్చు. అమ్మేటప్పుడు కూడా ఆ జాతే లెక్క. కొనేటప్పుడు తేలికని ఎంచుకుంటే, అమ్మే రోజున మెడకు చుట్టుకోవచ్చు.

వేపచెట్టు:
బ్లాకులో ఖాళీ ఉండి నైబర్‌హుడ్‌లో నిండితే?

గడపలెక్క:
కుదరదండి. రెండింట్లో ఏది నిండినా ఆగాల్సిందే. అమ్మేవారు మీ గంపవాళ్లే అయితేనే దారి. మీరు పీఆర్ కాబట్టి పీఆర్ కోటా కూడా అదే పేజీలో చూసుకోండి, అదీ రెండు చోట్లా.